చిటారు కొమ్మల్లో వినిపిస్తాయి, కనిపించవు: వసంత వలసలో ఊరి మధ్య అడవి

నీరెండ | ఏప్రిల్ 29, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు.

నేను ఉత్తర అమెరికా తూర్పు వైపు ఉంటాను. ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక పాత అడవి ముక్క ఉంది. నాలుగు వైపులా రోడ్లూ ఎత్తయిన భవనాలూ, మధ్యలో ఇది. ఎక్కువగా ఓక్ చెట్లు, కొన్ని మేపుల్స్, అడుగున పొదలు, ఓ సన్నటి వాగు. వలస పిట్టలు వచ్చే రోజులని విని 10×25 బైనాక్యులర్స్ కొనుక్కుని వరుసగా మూడు రోజులు వెళ్లాను. ఉదయం 9కి వెళ్లి, దారంతా ఒక చుట్టు తిరిగి, 10కి బయటికి వస్తున్నాను.

చెట్ల నిండా కూతలే. ఫోన్‌లో కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ పెడితే పదహారు పేర్లు చూపించింది. నేను కళ్లారా చూసినవి మాత్రం మూడే: రాబిన్, కార్డినల్, బ్లూ జే. ఇవి మా పెరట్లోనూ కనిపిస్తాయి. మిగతావన్నీ ఎక్కడో పైన ఆకుల్లో. తల ఎత్తి ఎత్తి మెడ పట్టేసింది. బైనాక్యులర్స్ పెట్టగానే కొమ్మ తప్ప ఏమీ కనిపించదు. నేనెక్కడ పొరపాటు చేస్తున్నానో చెప్పగలరా?

దాసరిపిట్ట | ఏప్రిల్ 29, రాత్రి 10:25

నీరెండ గారూ, రండి. మూడు రోజులు వరుసగా వెళ్లారు కదా, మిగతాది నేర్చుకుంటే వచ్చేదే.

వేళ మార్చండి. ఈ చిన్న పిట్టల్లో చాలావరకు రాత్రిపూట ఎగురుతాయి. తెల్లవారేలోపు ఎక్కడ పచ్చదనం కనిపిస్తే అక్కడ దిగుతాయి. దిగిన పిట్టకు ముందు కావలసింది తిండి. పొద్దు పొడిచాక మొదటి రెండు మూడు గంటలు అవి తీరిక లేకుండా మేస్తాయి. మీరు వెళ్లే 9 గంటలకు ఆ సందడి తగ్గుముఖం పడుతుంది.

చుట్టు తిరగడం మానేయండి. తెల్లవారగానే ఎండ మొదట తగిలే అంచు ఏదో చూసుకోండి. రాత్రి చలికి బిగుసుకున్న పురుగు అక్కడ ముందు కదులుతుంది, పిట్టా అక్కడికే వస్తుంది. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడి అరగంట కదలకండి. మొదటి పది నిమిషాలు ఏమీ లేనట్టే ఉంటుంది, ఆ తర్వాత ఒక్కో ఆకు వెనక నుంచీ బయటికి వస్తాయి. ముప్పై ఏళ్లుగా పిట్టలు చూస్తున్నాను, ఇప్పటికీ ఆ మొదటి పది నిమిషాలు ఓపిక పట్టడమే నాకు కష్టమైన పని.

ఇక బైనాక్యులర్స్. ముందు పిట్టను మామూలు కంటితో పట్టుకోండి. చూపు దాని మీద నుంచి తీయకుండా బైనాక్యులర్స్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. మనం చేసే తప్పేమిటంటే తల దించి బైనాక్యులర్స్ చూసుకుని, మళ్లీ తల ఎత్తి కొమ్మల్లో వెతకడం. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని దూరంగా ఉన్న కొమ్మ చివరో, తీగ మీద ముడో ఎంచుకుని రోజుకు ఇరవైసార్లు సాధన చేయండి. వారంలో చెయ్యి అలవాటు పడుతుంది.

చిటారుకొమ్మ | ఏప్రిల్ 29, రాత్రి 11:05

దాసరిపిట్ట మాష్టారు చెప్పినవాటిలో ఒక్కదానితో నాకు పేచీ ఉంది. నేనూ నీరెండ గారి ఖండంలోనే పదేళ్లుగా చూస్తున్నాను. ఇక్కడ ముందు నడవాలి, తర్వాత నిలబడాలి. చికడీలనే చిన్న పిట్టలుంటాయి, ఏడాదంతా ఇక్కడే ఉండేవి. అడవిలో తిండి ఎక్కడుందో, ముప్పు ఎక్కడుందో వాటికి బాగా తెలుసు. కొత్తగా దిగిన వార్బ్లర్లు అనే చిన్న వలస పిట్టలు వాటి గుంపుతో కలిసి తిరుగుతాయి. అందుకే చికడీల గోల వినిపించేదాకా మెల్లగా నడవండి. అది దొరికాక ఇక అడుగు వేయొద్దు.

10×25 చేతిలో ఇమిడిపోతుంది కానీ అడవికి సరిపడదు. 10 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 25 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 25ని 10తో భాగిస్తే కంటికి అందే వెలుగు వలయం 2.5 మిల్లీమీటర్లే. అదే 8×42 అయితే 5 మిల్లీమీటర్లు దాటుతుంది. తెల్లవారుజామున ఆకుల చీకట్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. పైగా 8లో ఎక్కువ మేర కనిపిస్తుంది, చేతి వణుకూ తక్కువ తెలుస్తుంది. వెంటనే కొనమని కాదు. ఎవరైనా అరువిస్తే ఒక ఉదయం వాడి చూడండి.

మెడ సంగతి. ఈ నొప్పికి ఇక్కడ 'వార్బ్లర్ నెక్' అని పేరే ఉంది. అడవిలో గుట్ట ఉంటే దాని పైకెక్కి, కింద ఉన్న చెట్ల నడినెత్తిని ఎదురుగా చూడండి. లేదంటే చెట్టుకు ఆనుకుని నిలబడండి.

గుబురుపొద | ఏప్రిల్ 30, ఉదయం 6:15

నాకు చూపు బాగా తక్కువ. పిట్టల్ని దాదాపు పూర్తిగా చెవితోనే తెలుసుకుంటాను. కాబట్టి 'వినిపిస్తాయి, కనిపించవు' అన్నది నాకు లోటుగా తోచదు. నీరెండ గారూ, మీకిప్పటికే పదహారు పిట్టలు దొరికాయి, వాటి ముఖాలు తెలియవు అంతే.

మెర్లిన్‌లో కూత గుర్తుపట్టే సౌకర్యం 2021లో వచ్చింది. మంచి సాయం. కానీ అది పేరు చూపించగానే మనం వినడం ఆపేస్తాం. నా పద్ధతి చెబుతాను. రోజుకు ఒక్క కూత. యాప్‌లో ఆ పేరు వెలిగినప్పుడు కళ్లు మూసుకుని, ఆ గొంతు ఏ ఎత్తు నుంచి వస్తోంది, పైకి ఎక్కుతోందా కిందికి దిగుతోందా, మధ్యలో ఎంత విరామం ఇస్తోంది అన్నవి పట్టుకోండి. తర్వాత ఫోన్ జేబులో పెట్టేయండి. రేపు అదే గొంతు ఫోన్ లేకుండా గుర్తొస్తే అది మీ సొంతమైనట్టు. యాప్ పొరపాటూ పడుతుంది, మిమిక్రీ చేసే పిట్టల దగ్గర మరీను. అది విన్నదాన్ని మనం విననిదే జాబితాలో రాసుకోకూడదని నా నియమం.

ఆ పదహారులో ఓవెన్‌బర్డ్ ఉందా? ఉంటే దానితోనే మొదలుపెట్టండి. రెండక్షరాల మాటను 'టీచర్, టీచర్, టీచర్' అంటూ పెంచుకుంటూ పోతుంది. మొదట మెల్లగా, చివరికి అడవి దద్దరిల్లేలా. ఒక్కసారి వింటే మరిచిపోరు.

రెల్లుగడ్డి | ఏప్రిల్ 30, మధ్యాహ్నం 1:50

గుబురుపొద గారి మాటకు బ్రిటన్ నుంచి ఒక తోడు. ఇక్కడ చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్ అని రెండు పిట్టలున్నాయి. కొమ్మ మీద చూస్తే కవల పిల్లలే. 18వ శతాబ్దంలో గిల్బర్ట్ వైట్ అనే పల్లెటూరి మతగురువు వీటిని కూతను బట్టి విడదీసి చెప్పాడు. ఒకటి తన పేరునే రెండు స్వరాల్లో పలుకుతూ ఉంటుంది, రెండోది మెట్లు దిగినట్టు జారిపోయే పాట పాడుతుంది. ఈ రెండోది సుమారు తొమ్మిది గ్రాములుంటుంది. సహారాకు దక్షిణాన చలికాలం గడిపి ఇక్కడికి వస్తుంది. మా పార్కులో బర్చ్ చెట్టు మీద అది పాడుతుంటే కింద జనం ఫోన్లు చూసుకుంటూ వెళ్లిపోతారు. చెయ్యి పట్టుకుని ఆపి వినిపించాలనిపిస్తుంది.

వేగుచుక్క | మే 1, రాత్రి 12:20

పగలు కనిపించకపోతే రాత్రి వినండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

వలస రోజుల్లో గాలి తక్కువగా ఉన్న రాత్రి మేడ మీదికి వెళ్లి ట్రాఫిక్ సద్దుమణిగాక కూర్చోండి. పైన చీకట్లో ఎగురుతున్న పిట్టలు ఒకదానికొకటి చిన్న చిన్న పిలుపులు ఇచ్చుకుంటాయి. పాట కాదు, 'ట్సిప్' అని ఒక్క చుక్క. స్వెయిన్‌సన్స్ త్రష్‌ది అయితే చిన్న కప్ప అరుపులా గుండ్రంగా ఉంటుంది. నిన్న రాత్రి గంటలో అరవై దాకా లెక్కపెట్టాను.

రాత్రే ఎందుకంటే, అప్పుడు గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, డేగలు ఉండవు, పగలంతా మేతకు మిగులుతుంది. నక్షత్రాలూ దారి చూపుతాయి. 1960లలో స్టీఫెన్ ఎమ్లెన్ అనే శాస్త్రవేత్త ఇండిగో బంటింగ్ పిట్టల్ని ప్లానెటేరియంలో గరాటు ఆకారపు గూళ్లలో ఉంచాడు. అడుగున ఇంకు, గోడలకు కాగితం. పిట్ట ఎటు ఎగరబోతే అటు కాగితం మీద ఇంకు పాదాల ముద్రలు పడ్డాయి. పైన చూపించే ఆకాశాన్ని మార్చితే ముద్రల దిక్కూ మారింది. అరచేతిలో పట్టే ప్రాణం ఆకాశం చూసి దిక్కు తెలుసుకుంటోంది! ఈ విషయం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

చిటారుకొమ్మ | మే 1, ఉదయం 8:30

వేగుచుక్క గారు రాత్రి గురించి చెప్పారు కాబట్టి వాతావరణం గురించి నేను చెబుతాను. ఈ సీజన్‌లో పొద్దున అడవిలో ఏముంటుందన్నది ముందురోజు రాత్రి గాలే నిర్ణయిస్తుంది.

వసంతంలో ఇవి ఉత్తరానికి పోతున్నాయి. దక్షిణం నుంచి వీచే వెచ్చటి గాలి వాటికి వెనక నుంచి తోడ్పాటు. అలాంటి రాత్రి సూర్యుడు అస్తమించిన అరగంట, ముప్పావుగంటకు పెద్ద సంఖ్యలో లేస్తాయి. వాతావరణ రాడార్ మీద వాన మేఘంలా కనిపిస్తాయి. ఆ రాడార్ల ఆధారంగానే కార్నెల్ పక్షి పరిశోధనశాల వాళ్ల బర్డ్‌కాస్ట్ ఇక్కడ రాత్రిళ్లు ఎన్ని పిట్టలు గాల్లో ఉన్నాయో అంచనా వేసి చూపిస్తుంది. నేను పడుకునే ముందు అది చూసే అలారం పెట్టుకుంటాను.

అయితే ఒక మెలిక ఉంది. రాత్రంతా గాలి అనుకూలిస్తే చాలా పిట్టలు మన ఊరు దాటి వెళ్లిపోతాయి. దక్షిణ గాలి మీద బయలుదేరిన గుంపుకు తెల్లవారుజామున వాన గానీ ఎదురుగాలి గానీ తగిలిందనుకోండి, ఎక్కడివక్కడ దిగిపోవాలి. దీన్ని 'ఫాలౌట్' అంటారు. నగరం మీద దిగే పిట్టకు కింద కాంక్రీటే తప్ప నిలబడే చోటు ఉండదు, ఒక్క మీ అడవి ముక్క తప్ప. అందుకే ఊరి మధ్య చిన్న అడవిలో పిట్టలు కిక్కిరిసిపోతాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ 843 ఎకరాలే. చుట్టూ అన్ని భవనాలున్నా అక్కడ ఇప్పటిదాకా రెండు వందలకు పైగా జాతులు నమోదయ్యాయి. అందులో 'రాంబుల్' అనే చెట్ల భాగంలో మే నెల ఉదయం నిలబడాలని చాలా దూరాల నుంచి వస్తారు.

తెల్లవారుజామున వాన పడి ఆగిందంటే మాత్రం ఆఫీసుకు ఆలస్యమైనా సరే, వెళ్లండి.

నీరెండ | మే 3, ఉదయం 10:10

చూశాను!

ఇవాళ 5:50కి వెళ్లాను. వాగు పక్కన తూర్పు అంచులో నిలబడ్డాను. మొదటి పావుగంట నిజంగానే ఏమీ లేదు. తర్వాత చికడీలు వచ్చాయి. వాటి వెనకే నల్లటి చిన్న పిట్ట, రెక్కల మీద, తోకకు రెండు వైపులా నారింజ మచ్చలు. ఒక్క చోట నిలవదు. తోకను విసనకర్రలా విప్పి మూసి, ఎగిరే పురుగును గాల్లోనే పట్టుకుంది. బైనాక్యులర్స్ పెట్టే లోపు వెళ్లిపోయింది, కానీ మళ్లీ అదే కొమ్మకు వచ్చింది. అమెరికన్ రెడ్‌స్టార్ట్ మగది అని పుస్తకంలో చూసి నిర్ధారించుకున్నాను. ఎనిమిది గ్రాములు ఉంటుందట. కరీబియన్ దీవుల నుంచో, అంతకన్నా కింద నుంచో వచ్చి నా ముందు టిఫిన్ చేసింది. చేతులు వణికాయి.

మాష్టారూ, మీ కిటికీ సాధన పనిచేసింది.

దాసరిపిట్ట | మే 3, రాత్రి 8:45

చాలా సంతోషం తల్లీ/నాయనా, మీరెవరో తెలియదు గానీ! తోక విప్పడం ఊరికే కాదు. ఆ రంగు తళుక్కుమనేసరికి ఆకుల్లో దాగిన పురుగు బెదిరి లేస్తుంది, పిట్ట పట్టేస్తుంది. రంగులు బట్టీ పట్టడం కన్నా ఇలా ఏ పిట్ట ఏం చేస్తోందో చూసుకోండి. బోదెను పట్టుకుని పాకుతోందా, కొమ్మ చివర తలకిందులుగా వేలాడుతోందా, నేల మీద నడుస్తోందా, కూర్చున్నప్పుడు తోక కిందికీ పైకీ ఊపుతోందా. వెలుగు సరిగా లేనప్పుడు ఇదే దిక్కు.

జెముడుకాకి | మే 4, ఉదయం 7:20

నేను ఎక్కువగా ఫొటోల కోసం వెళ్తాను. నీరెండ గారికి ఒక సులువైన మార్గం. పిట్ట కూతను ఫోన్‌లో రెండు మూడుసార్లు ప్లే చేయండి. పైనుంచి కిందికి, కంటికి ఎదురుగా వస్తుంది. మెడ నొప్పీ ఉండదు, ఫొటో కూడా బాగా వస్తుంది.

గుబురుపొద | మే 4, ఉదయం 8:05

జెముడుకాకి గారూ, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. ఆ పిట్ట వినోదం కోసం కిందికి రాదు. తన చోటులోకి ఇంకో మగపిట్ట వచ్చిందని తరమడానికి వస్తుంది. రాత్రంతా రెక్కలాడించి, ఒంట్లో కొవ్వు కరిగించుకుని దిగిన పిట్ట అది. మళ్లీ కొవ్వు పట్టాకే ముందుకు పోగలదు. లేని శత్రువు కోసం అది వెతికే ప్రతి నిమిషం దాని మేతలోంచి పోతుంది. ఊరి మధ్య అడవిలో రోజుకు ఎంతమంది వస్తారో ఆలోచించండి. ఒక్కొక్కరూ రెండుసార్లే ప్లే చేసినా దానికి అది పొద్దంతా.

ఇంకో సంగతి. నాలాంటివాళ్లకు కూతే ఆధారం. ఫోన్లలోంచి కూతలు వస్తుంటే ఏది నిజమో నాకు తెలియదు.

జెముడుకాకి | మే 4, మధ్యాహ్నం 12:40

మీ చివరి మాట నన్ను పట్టేసింది. ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. నా చుట్టూ ఉన్నవాళ్లంతా చేస్తుంటే నేనూ చేశాను. ఇక చేయను. క్షమించండి. ఇంతకీ ఫొటోకు నీళ్ల పక్కన కూర్చోవడం మేలని నా అనుభవం. పలచగా, మెల్లగా పారే చోట మధ్యాహ్నం వేళ అవే స్నానానికి దిగుతాయి. పది మీటర్లు వెనక్కి జరిగి, నేల మీద కూర్చుంటే మనల్ని పట్టించుకోవు.

నిర్వాహకులు | మే 4, మధ్యాహ్నం 1:15

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ వేదికలో కూతలు ప్లే చేసి పిలిచి తీసిన ఫొటోలు పెట్టవద్దని అందరినీ కోరుతున్నాం. గూడు ఉన్న చోటు, గుడ్లగూబ పగలు కూర్చునే చెట్టు వివరాలు కూడా రాయకండి.

దాసరిపిట్ట | మే 5, రాత్రి 9:30

అక్కడ మీకు పిట్టలు వస్తున్నాయని చదువుతుంటే, దక్షిణ భారతంలో ఉన్న నాకు ఈ రోజులు వీడ్కోలు రోజులు. చలికాలమంతా మా దగ్గర ఉన్నవి ఉత్తరానికి పోతున్నాయి. ఏడు నెలలు పొదల్లోంచి 'చక్, చక్' అని వినిపించిన బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ గొంతు ఈ వారం ఆగిపోయింది. ఇక్కడ ఒక్క రంగూ లేని ఆ మట్టిరంగు పిట్ట రష్యాలోనో, ఫిన్లాండ్‌లోనో పొద మీద కూర్చుని రాత్రంతా పాట పాడుతుందట. నేను ఎన్నడూ వినని పాట. వెళ్లే ముందు మాత్రం కొన్నిసార్లు గొంతు సవరించుకున్నట్టు కాస్త పాడుతుంది. ఏప్రిల్ నెలలో దానికోసమే పొద్దున్నే లేస్తాను.

పొన్నంకి పిట్ట కూడా ఈ రోజుల్లోనే దారిలో దిగుతుంది. తొమ్మిది రంగులుంటాయని నవరంగ్ అని కూడా అంటారు. రాత్రి ప్రయాణికురాలే. అలసిపోయి దీపాల వెలుగుకు దారి తప్పి ఇళ్లలోకి, గ్యారేజీల్లోకి వచ్చి పడుతుంటుంది. ఒకసారి మా వరండాలో దొరికింది. అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, సాయంత్రం చెట్ల దగ్గర మూత తీస్తే నేల మీద రెండు గెంతులు వేసి ఆకుల్లోకి నడిచి పోయింది. పిట్ట పోయిన ఆ చోటు నాకిప్పటికీ గుర్తుంది.

నీరెండ | మే 7, ఉదయం 8:55

ఈ పోస్టు రాయడానికి కష్టంగా ఉంది. అడవి పక్కనే ఒక ఆఫీసు భవనం, కింది రెండు అంతస్తులూ అద్దాలే. దాని ముందు పేవ్‌మెంట్ మీద ఇవాళ ఒక పిట్ట చచ్చి పడి ఉంది. వీపు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు, తెల్లటి పొట్ట మీద వరసగా నల్లటి చారలు, నడినెత్తిన నారింజ గీత, దానికి రెండు వైపులా నల్ల గీతలు. కళ్ల చుట్టూ తెల్లటి వలయం. ఒంటి మీద గాయం లేదు. చేతిలో ఇంకా వెచ్చగా ఉంది. ఏ పిట్ట ఇది? నేనేం చేసి ఉండాల్సింది?

చిటారుకొమ్మ | మే 7, ఉదయం 9:20

అది ఓవెన్‌బర్డ్. అద్దాలకు ఎక్కువగా బలయ్యే పిట్టల్లో ఒకటి. అది నేల మీద, అడుగు పొదల్లో తిరిగే పిట్ట. అద్దంలో చెట్ల ప్రతిబింబం చూసి, ఇంకో అడవి అనుకుని నేరుగా ఎగురుతుంది.

మీరు చేయగలిగింది ఏమీ లేదు, వెచ్చగా ఉందంటే అప్పుడే జరిగింది. బతికి ఉండి మత్తుగా కూర్చుని ఉంటే మాత్రం అట్టపెట్టెలో మెత్తటి బట్ట వేసి, గాలి రంధ్రాలు చేసి, చీకటిగా, చప్పుడు లేని చోట గంటసేపు ఉంచాలి. నీళ్లూ తిండీ పెట్టకూడదు. తేరుకుంటే చెట్ల దగ్గర పెట్టె తెరవాలి, గాల్లోకి విసరకూడదు. తేరుకోకపోతే వన్యప్రాణుల చికిత్స చేసేవాళ్లకు అప్పగించాలి. ఇంకొకటి, అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా చచ్చిన పిట్టను ఇంట్లో దాచుకోకూడదు, ఈక కూడా. ఫొటో తీసి, తేదీ, వేళ, భవనంలో ఏ వైపో రాసి పెట్టుకోండి. ఈ వివరాలు రేపు అవసరమవుతాయి.

వేగుచుక్క | మే 7, రాత్రి 11:30

ఇది రాత్రి దగ్గరే మొదలవుతుంది. వెలుగు పిట్టల్ని ఊరి మీదికి లాగుతుంది, పొద్దున అద్దం చంపుతుంది. న్యూయార్క్‌లో సెప్టెంబర్ 11 దాడుల స్మారకంగా ఆకాశంలోకి వేసే వెలుగు స్తంభాల దగ్గర రాడార్‌తో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఏడు రాత్రుల్లో సుమారు 11 లక్షల పిట్టలు ఆ వెలుగు ప్రభావానికి లోనయ్యాయని తేల్చారు. ఆ పిట్టలు వెలుగులో గిరగిరా తిరుగుతూ పిలుచుకుంటూనే ఉంటాయి. దీపాలు ఆర్పితే నిమిషాల్లో చెదిరి తమ దారి పట్టాయి. ఇంత త్వరగా సరిదిద్దగలిగిన తప్పు లోకంలో ఇంకేముంటుంది చెప్పండి!

చిటారుకొమ్మ | మే 8, ఉదయం 7:45

అద్దం సంగతీ అంతే. 2023 అక్టోబర్‌లో షికాగోలోని మెకార్మిక్ ప్లేస్ దగ్గర ఒక్క రాత్రిలో వెయ్యి దాకా పిట్టలు చనిపోయాయి. మరుసటి ఏడాది ఆ అద్దాలకు చిన్న చుక్కలున్న ఫిల్మ్ అతికించారు. ఆ శరదృతువులో చావులు 95 శాతం దాకా తగ్గాయి. 1978 నుంచి అక్కడ చచ్చిన పిట్టల్ని రోజూ ఏరి లెక్క రాసినవాళ్లు ఉండబట్టే ఆ తేడా తేలింది. అందుకే మిమ్మల్ని రాసి పెట్టుకోమన్నాను.

డేగ బొమ్మ స్టిక్కర్ ఒకటి అతికించడం వల్ల లాభం లేదు. పిట్ట దాని పక్కనుంచి వెళ్లబోయి గుద్దుకుంటుంది. చుక్కలైనా గీతలైనా అద్దం బయటి వైపు, మధ్య ఖాళీ 5 సెంటీమీటర్లు దాటకుండా అద్దమంతా ఉండాలి.

నీరెండ | మే 11, రాత్రి 8:20

నాలుగు రోజులు పొద్దున్నే ఆ భవనం చుట్టూ తిరిగాను. మొత్తం ఏడు. ఐదు ఒకే వైపు, అడవికి ఎదురుగా ఉన్న మూల. ఫొటోలు, తేదీలు తీసుకుని భవనం మేనేజర్‌ని కలిశాను. మొదట 'ఇవన్నీ మామూలే' అన్నారు. ఫొటోలు ఒక్కొక్కటే చూపించాక మాట్లాడలేదు. రాత్రి 11 తర్వాత లాబీ దీపాలు జూన్ మొదటి వారం దాకా ఆర్పడానికి ఒప్పుకున్నారు. ఫిల్మ్ సంగతి పైవాళ్లు తేల్చాలట. ఆ మూల అద్దాలకైనా వేయమని లిఖితపూర్వకంగా ఇచ్చి వచ్చాను. నాకు చాలా టెన్షన్‌గా ఉండింది, కానీ వెళ్లినందుకు సంతోషం.

రెల్లుగడ్డి | మే 11, రాత్రి 11:55

ఆ లేఖ నకలు పేర్లు తీసేసి ఇక్కడ పెట్టగలరా? మా పార్కు పక్క లైబ్రరీ అద్దాల గురించి రెండేళ్లుగా అనుకుంటున్నాను, అడగలేదు. వచ్చే వారం వెళ్తాను.

నీరెండ | మే 14, మధ్యాహ్నం 12:30

లేఖ రాత్రికి పెడతాను. ముందు ఇవాళ్టి సంగతి చెప్పనివ్వండి.

నిన్న రాత్రి దక్షిణ గాలి. తెల్లవారుజామున 3:30కి వాన చప్పుడుకు మెలకువ వచ్చింది. చిటారుకొమ్మ గారి మాట గుర్తొచ్చి మళ్లీ నిద్ర పట్టలేదు. 5:30కి వాన ఆగింది, ఆరుకల్లా అడవిలో ఉన్నాను. పక్కింటావిడ 8×42 అరువిచ్చారు.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. వాగు పక్క ఓక్ చెట్టు పూతకొచ్చి ఉంది, ఆకు ఇంకా చిగురే. ఆ పూతల్లో గొంగళిపురుగులు, ప్రతి కొమ్మకూ పిట్టలు. చలికి, తడికి పైన పురుగు కదలక కాబోలు, సగం పిట్టలు నా నడుము ఎత్తు పొదల్లో ఉన్నాయి. నలుపూ తెలుపూ చారల పిట్ట బోదె మీద తలకిందులుగా పాకుతోంది. ఒకటి నిప్పుకణికలాంటి గొంతుతో మూడు మీటర్ల దూరంలో కూర్చుంది. బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల నుంచి వస్తుందని ఇంటికొచ్చాక చదివాను. దానికి నేనక్కడ ఉన్నట్టే పట్టలేదు, తింటూనే ఉంది. ఒక్క చెట్టు కింద రెండు గంటలు నిలబడ్డాను. పద్నాలుగు జాతులు, అన్నీ కళ్లతో. ఒక పెద్దాయన కుక్కతో వస్తూ నన్ను చూసి ఆగారు. బైనాక్యులర్స్ ఇచ్చాను. ఆయన ఆ నారింజ గొంతును చూసి 'ఇరవై ఏళ్లుగా రోజూ ఈ దారినే నడుస్తున్నాను' అన్నారు. కుక్కను గట్టిగా దగ్గరకు లాక్కుని చాలాసేపు నాతోనే నిలబడ్డారు.

తిరిగి వస్తుంటే వెనక పొదలోంచి వినిపించింది. 'టీచర్, టీచర్, టీచర్', పెరుగుతూ. ఫోన్ తీయలేదు. కూర్చున్నాను. పడిపోయిన పాత దుంగ మీద, నెత్తిన నారింజ గీతతో, కోడిపిల్లలా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచి వచ్చింది.

గుబురుపొద | మే 14, మధ్యాహ్నం 1:05

ఎన్నిసార్లు పలికింది, మధ్యలో ఎంతసేపు ఆగింది? వివరంగా రాయండి, నేను వింటున్నట్టు ఉంటుంది.

నీరెండ | మే 14, మధ్యాహ్నం 1:20

ఒక్కో విడతకు తొమ్మిదో పదో. ఆగి, దుంగ మీద నాలుగు అడుగులు వేసి, ఎండుటాకు ఒకటి తిప్పి చూసి, మళ్లీ మొదలు. దూరంగా వాగుకు అవతల ఇంకొకటి జవాబిచ్చింది. ఇది తల ఎత్తి విన్నది, అది ఆగేదాకా పలకలేదు.

వేగుచుక్క | మే 14, రాత్రి 10:50

ఇప్పుడే మేడ మీది నుంచి వచ్చాను. గాలి మళ్లీ దక్షిణం నుంచి మొదలైంది, ఆకాశం తేటగా ఉంది. ఇరవై నిమిషాల్లో పదకొండు పిలుపులు. నీరెండ గారూ, పొద్దున మీ చెట్టు మీద ఉన్నవి లేచినట్టున్నాయి.